రెండో ‘సర్దు’

ఎండకాలం, 29వ రోజు

ఈరోజు బయట ఉండగలిగే గడువు ఉదయం ఏడుంబావు వరకే. నిన్నటికంటే పది నిమిషాలు తగ్గింది. పైన సోలార్ పలకలు తుడిచేవాళ్లు విప్పిన తడిగుడ్డలు పై సొరంగంలో ఆరేసే చోటు లేక నా గది తలుపు మీద కూడా నాలుగు వేలాడుతున్నాయి.

వారానికోసారి చేసే బిల్డ్ ఈరోజే. మేం కాపురముండే మూడు పాత గనుల్లోని నాలుగు వందల ఫోన్లలోకి ‘నీడ’ యాప్ కొత్తగా ఎక్కాలి. గడువులు, నీళ్ల వంతులు, అన్నిటికంటే ముఖ్యంగా పిలుపులు. వడగాలి వస్తోందని ఫోన్ గంట కొడితే మావాళ్లు లెక్కచెయ్యరు. ఈ ఒక్క పలకా తుడిచి పోదాం అనుకుంటారు. తెలిసిన గొంతు పేరు పెట్టి పిలిస్తే మాత్రం చేతిలోది పడేసి వస్తారు. అందుకే గనికొక పిలుపుమనిషి. ఆ వారం పైకి వెళ్లేవాళ్ల పేర్లన్నీ చెప్పి, వెనక్కి రమ్మని పిలిచి, రికార్డు చేసిన చిప్పు నాకు ఇస్తారు. వడగాలి రాగానే ఫోన్లలోంచి ఆ గొంతు పలుకుతుంది.

జంటగని పిలుపుమనిషి ఖాసింబీ. అరవై ఆరేళ్లు. మధ్యాహ్నం వచ్చి తన చిప్పు గూట్లో పెట్టింది. ఏదో చెప్పింది కూడా. నేను తెర మీదినుంచి కళ్లు తిప్పకుండానే “సరే పెద్దమ్మా” అన్నాను.

నా తొందర నాది. యాప్ బరువెక్కిపోయింది. మా ఫోన్లన్నీ నాకంటే పెద్ద వయసువి, వాటిలో చోటు తక్కువ. పనికిరాని పాత బొమ్మల్ని ఏరి పారేసే మెథడ్ ఒకటి పది వరుసల్లో రాసి, బిల్డ్ స్క్రిప్టులో చివర పెట్టాను. దానికి ‘సర్దు’ అని పేరు పెట్టాను. చేసే పని అదేగా.

గదికి అటు చివర మంచం మీద మద్దిలేటి సార్ పడుకుని ఉన్నారు. ఈ స్క్రిప్టులన్నీ మొదట రాసింది ఆయనే. చూపు పోయాక, రెండేళ్ల కిందట, పని నాకు అప్పగించారు. కొత్త మెథడ్ రాశానంటే నావైపు తిరక్కుండానే అడిగారు.

“పేర్ల పట్టీ జూసినావా?”

ఆయన మంచం పక్క గోడకు ఆనించిన నాపరాయి మీద, ఇంతవరకు వాడిన పేర్లన్నీ సుద్దతో రాసి ఉంటాయి. కొత్త పేరు పెట్టేముందు అది చదవాలి. పేరు ముందు ఎవరి పనో కూడా చేర్చాలి. ఇది ఆయన పెట్టిన నియమం.

“చూసినాను సార్,” అన్నాను.

చూడలేదు. రేపు చూస్తాను. బిల్డ్ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా అయిపోయింది. యాప్ మూడో వంతు తేలికైంది.

31వ రోజు

ఇది రాయాలి.

వడగాలి గడువుకంటే యాభై నిమిషాలు ముందు వచ్చింది. నేను పైతలుపు దగ్గర తడిగోనెలు అందించే వంతులో ఉన్నాను. ముందు పెద్దగని వాళ్ల ఫోన్లు పిలిచాయి. తర్వాత సున్నపుగని వాళ్లవి. మనుషులు పలకల వరుసల మధ్యనుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. జంటగని ఫోన్లు పిలవలేదు. జేబుల్లో కొంచెం అదిరి ఊరుకున్నాయట.

జంటగని వాళ్లు పైన పదిమంది ఉన్నారు. తొమ్మిదిమంది మిగతావాళ్లు పరుగెత్తడం చూసి వచ్చేశారు. ఓబులేసు గుట్టవైపు చివరి వరుసలో ఉన్నాడు. అక్కణ్నుంచి తలుపు కనబడదు.

అతని భార్య చెంచమ్మ తడిగోనె కప్పుకుని తలుపు దాటబోతే ఇద్దరం పట్టుకున్నాం. ఆమె మమ్మల్ని విదిలించుకుని పోయింది. వెనక ఇంకో ఇద్దరు నీళ్ల బండి తోసుకుంటూ పోయారు. ఆ బండి మీదే అతన్ని తెచ్చారు. ఒంటి మీద చెమట చుక్క లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటంలేదు.

“పిలవలేదే! పొద్దుననంగా చెవి ఈడ్నే పెట్టుకోనుంటాడే, ఖాసింబీ అత్త పిలుచ్చాదని!” అంటూ చెంచమ్మ బండి పట్టుకుని కిందిదాకా వచ్చింది.

32వ రోజు

ఓబులేసు బతికే ఉన్నాడు. ఇంకా స్పృహ రాలేదు.

పొద్దున నడిమి సొరంగంలో పెద్దలు కూర్చున్నారు. మూడు గనులకూ పెద్ద తిమ్మక్క. ఆమె అడిగితే ఓబులేసు ఫోన్ నేనే విప్పి చూపించాను. జంటగని పిలుపు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

తిమ్మక్క ఖాసింబీవైపు తిరిగింది. “ఏమ్మా, ఈవారం పిలుపు ఇచ్చినావా లేదా?”

“ఇచ్చినా తిమ్మక్కా. చిప్పు నేనే తీసకపోయి గూట్లో పెట్టినా.”

“చిప్పు పెట్టినావు సరే. దాంట్లో మాట ఉండిందా?”

చిప్పు చూస్తే తెలిసేది. కానీ బిల్డ్ కాగానే చిప్పులన్నీ తుడిచి తిరిగి ఇచ్చేస్తాం. అందరూ నావైపు చూశారు.

నేను అబద్ధం చెప్పలేదు. చిప్పులో ఏముందో నేను విని చూడలేదన్నాను. అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. “పోయినేడాది ఒకసారి ఖాళీ చిప్పు వచ్చింది,” అని కూడా అన్నాను.

అది నిజమే. ఆ రోజు నేనే ఆమె దగ్గరికి పోయి మళ్లీ చెప్పించుకుని వచ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఈరోజు అదే మాట అందరి ముందు అంటుంటే ఖాసింబీ నన్ను చూసింది. కోపంగా కాదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

“మీట నొక్కకుండానే మాట్లాడింటానేమో,” అంది మెల్లగా. “వయసు మీదపడింది గదా. నొక్కింటే ఎర్రలైటు వస్తాది. వచ్చిందా? వచ్చిందనే అనుకుంటాండా.”

ఆమెను పిలుపు పనినుంచి తప్పించారు. ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. ఆమె లేచి వెళ్తుంటే దారి ఇచ్చారు, అంతే.

తర్వాత తిమ్మక్క నా దగ్గరికి వచ్చింది. “చౌడేశ్వరీ, నీ గొంతు బాగుంటాది. నువ్వూ జంటగని పిల్లవే. ఇంకొకరు కుదిరేదాకా పిలుపు నువ్వే చెప్పు. రేపే బిల్డ్ చెయ్యి.”

33వ రోజు

పొద్దున చిప్పులో నేనే పిలుపు చెప్పాను. నా చేతితో గూట్లోంచి తీసి మిషన్‌కు పెట్టాను. బిల్డ్ చేశాను. ఈసారి జాగ్రత్తగా ఉండాలని, పంపేముందు ఒక ఫోన్‌లో ఎక్కించి విప్పి చూశాను.

నా గొంతు లేదు.

మళ్లీ చేశాను. మళ్లీ లేదు. ఎర్రర్ కూడా లేదు. అప్పుడు లేచి మద్దిలేటి సార్ నాపరాయి దగ్గరికి పోయి పేర్ల పట్టీ చదివాను. మొదటినుంచి పదిహేడో పేరు ‘సర్దు’.

పెద్దగని, సున్నపుగని పిలుపులు పాత పద్ధతిలో నేరుగా యాప్‌లో చేరతాయి. జంటగని మిగతా రెండింటితో కలిసింది ఆరేళ్ల కిందటే. దాని పిలుపును యాప్‌లో చేర్చడానికి అప్పట్లో సార్ విడిగా ఒక మెథడ్ రాశారు. అందరికీ పనికొస్తుందని పేరు ముందు ఎవరి పేరూ పెట్టలేదు. ఇప్పుడు నేను అదే పేరుతో ఇంకొకటి రాశాను. నాది తర్వాత ఉంది కాబట్టి మిషన్ నాదే అసలుదనుకుంది. జంటగని పిలుపును సర్దమని స్క్రిప్టు అడిగిన ప్రతిసారీ, నా సర్దు వచ్చి పాత బొమ్మలు పారేసి పోయింది. తనకు ఒకే పేరుతో రెండు కనబడ్డాయని మిషన్ ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పమని దానికి ఎవరూ చెప్పలేదు.

చిప్పుల్లోంచి తీసుకున్న పోయినవారం నకళ్లు మిషన్ లోపల ఇంకా ఉన్నాయి. నిన్న పెద్దల ముందు వాటి సంగతి నాకు తట్టలేదు. వెతికాను. జంటగని, 29వ రోజు. వాల్యూం తగ్గించి, చెవికి ఆనించుకుని విన్నాను.

“ఓ జంటగని బిడ్డలూ, చాల్లే, ఇడ్సిపెట్టండి. గాలి మారతాంది. ఓబులేసూ, గుట్టకాడుంటావు, నువ్వు ముందు కదులు నాయనా...”

పదిమంది పేర్లూ ఉన్నాయి. మధ్యలో ఒక దగ్గు ఉంది. 

ఆ నకలు నా సొంత ఫోన్‌లో దాచాను. తర్వాత నా మెథడ్ పేరు ‘చౌడి-బొమ్మలు-తీసెయ్’ అని మార్చాను. బిల్డ్ చేశాను. నా గొంతు చేరింది. అన్ని ఫోన్లకూ పంపాను.

ఎవరికీ చెప్పలేదు. రేపు చెప్తాను.

34వ రోజు

ఈరోజు చెప్పలేదు.

ప్రతి బిల్డ్ తర్వాతా మార్పులన్నీ మద్దిలేటి సార్‌కు చదివి వినిపించాలి. చదివాను. పేరు మార్చిన వరుస దగ్గరికి వచ్చేసరికి నాలుక దాన్ని దాటేసి కింది వరుస మీదికి పోయింది.

“అంతేనా?” అన్నారు సార్.

“అంతే సార్.”

“ఇంకోసారి సదువు.”

ఇంకోసారి చదివాను. ఇంకోసారి దాటేశాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఓబులేసుకు స్పృహ వచ్చింది. మాట ముద్దగా వస్తోంది. కుడి చెయ్యి పట్టు లేదు. వైద్యం చూసే ఆమె కొంత తిరిగి వస్తుందంటోంది, అంతా రాదట.

37వ రోజు

రెండు రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ఏముంది. ప్రతి ఉదయం ఆరుకల్లా వడగాలి లేస్తోంది, తలుపు దగ్గర జంటగని ఫోన్లలోంచి నా గొంతు వస్తోంది. నేను తడిగోనెలు అందించడం మానుకుని, వంతు మార్చుకుని, నీళ్ల తొట్టి కడిగే పనికి పోతున్నాను. అక్కడికి అది వినబడదు.

లోలోపల లెక్కలు వేసుకుంటున్నాను. తప్పు దిద్దాను కదా. ఇక ఎవరికీ ప్రమాదం లేదు కదా. చెప్తే నన్ను తీసేస్తారు. సార్‌కు చూపు లేదు. వేరే ఎవరికీ బిల్డ్ రాదు. అప్పుడు ఊరంతటికీ ప్రమాదం కదా. ఇవన్నీ నిజాలే. ఒక్కొక్కటీ నిజమే. అన్నీ కలిపి చూసుకుంటే మాత్రం నా మొహం నేను చూసుకోలేకపోతున్నాను.

38వ రోజు

మధ్యాహ్నం ఖాసింబీ నా గదికి వచ్చింది. గడపలోనే నిలబడింది. రా పెద్దమ్మా అంటే వచ్చి కింద కూర్చుంది.

“చదువుకున్నదానివి, నిన్నే అడగాలనిపిచ్చింది,” అంది. “మతిమరుపు ఎంతవరకు వచ్చిందో తెలుసుకునేదానికి ఏమన్నా ఉంటాదా బిడ్డా, నీ మిషన్లో?”

నేను తెరవైపు తిరిగాను.

“మనవళ్ల పేర్లు పొద్దున సాయంత్రం చెప్పుకుంటాండా. ఏడుమందీ వచ్చాండారు. అయినా నమ్మకం లేకపాయ. ఆ పొద్దు గూడా చెప్పిందాన్నే అనుకున్నా గదా? ఎర్రలైటు నా కండ్లల్ల ఉండాది ఇప్పుటికీ. లేని లైటు కండ్లకు కనపడతాందంటే, ఇంగ దేన్ని నమ్మాల?” చీరకొంగు వేళ్లకు చుట్టుకుంటూ అంది. “పొయ్యి ముట్టించడం మానుకున్నా. ఆర్పడం మర్చిపోతే? కోడలికే అప్పజెప్పినా. ఆ యమ్మి గూడా వద్దనలేదు.”

నేను చేసింది రాస్తాను. ఒక కాగితం తీసి, రోజూ పది కొత్త పేర్లు రాసుకుని సాయంత్రం చూడకుండా చెప్పుకొమ్మని ఆమెకు సలహా ఇచ్చాను. మొదటి పది పేర్లు నేనే రాసిచ్చాను. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దాచుకుంది.

“నీకు పున్నెముంటాది,” అంది.

39వ రోజు

ఓబులేసును చూడటానికి పోయాను. ఇన్నాళ్లూ పోలేదు. చాప పక్కన ఖాసింబీ కూర్చుని కొర్రగంజి చెంచాతో పోస్తోంది. సగం అతని గడ్డం మీదికి జారుతోంది. తుడుస్తోంది, మళ్లీ పోస్తోంది. రెండు పూటలా వస్తోందట.

చెంచమ్మ మూలన కూర్చుని గోనెకు అతుకు వేస్తోంది. నన్ను చూసి, “రా చౌడక్కా,” అంది. ఆమెకు నామీద కోపం లేదు. కోపం అంతా ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. ఆమె ఖాసింబీతో ఒక్క మాట మాట్లాడదు, ఆమె వచ్చినా పోయినా తల ఎత్తదు.

ఓబులేసు గంజి మింగి, కష్టపడి మాట కూడదీసుకున్నాడు. “అత్తా... యాల... పిలవలేదు?”

రోజూ అదే అడుగుతున్నాడట. ఖాసింబీ చెంచా కింద పెట్టింది.

“మర్చిపోయినా నాయనా,” అంది. “తప్పు నాదే.”

వారం కిందట “పెట్టినా” అన్న మనిషి. తర్వాత “చెప్పిందాన్నే అనుకున్నా” అంది. ఇప్పుడు “మర్చిపోయినా” అంటోంది. ఆమె నోటిలోకి ఆ మాట నేనే పెట్టాను. అక్కడే చెప్పేసి ఉండాల్సింది. లేచి బయటికి వచ్చి, సొరంగం గోడకు ఆనుకుని నిలబడ్డాను. తర్వాత నేరుగా తిమ్మక్క దగ్గరికి పోయి, రేపు పొద్దున అందరినీ పిలవమన్నాను. ఎందుకని అడిగితే, అందరి ముందే చెప్తానన్నాను. ఆమెతో ఒంటరిగా చెప్తే ఆమె నన్ను కాపాడుతుందేమో, నేను ఒప్పుకుంటానేమో అని భయం వేసింది.

40వ రోజు

చెప్పాను.

ముందు నా ఫోన్‌లోని నకలు వినిపించాను. ఖాసింబీ గొంతు సొరంగమంతా పలికింది. ఓబులేసు పేరు రాగానే చెంచమ్మ లేచి నిలబడింది. దగ్గు వినబడ్డప్పుడు ఖాసింబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఏం జరిగిందో చెప్పాను. ఒక పేరు, రెండు మెథడ్లు, మిషన్ రెండోదాన్ని పిలవడం. వెనకనుంచి ఎవరో అడ్డుపడ్డారు.

“మన గనిలో ముగ్గురు ఓబులేసులుండారు. ఇంటిపేరు పెట్టి పిలుచుకుంటాం గదా. ఆ మాత్రం తెల్దా మిషన్‌కు?”

“మిషన్‌కు తెలీదు,” అన్నాను. “నాకు తెలుసు. పట్టీ చూడలేదు. చూసినానని సార్‌తో అబద్ధం చెప్పినాను.”

“ఎప్పుడు తెలిసింది నీకు?” అని తిమ్మక్క అడిగింది.

“వారం కిందట.”

అప్పుడు మద్దిలేటి సార్ గోడ పట్టుకుని లేచారు. “నాకు ఆ మర్నాడే తెలిసింది,” అన్నారు. “చదివేటప్పుడు ఒక వరుస దాటేసింది. రెండుమార్లూ ఒకే చోట దాటేసింది. అదేం వరుసో నాకు అర్థమైంది. తనంతట తనే చెప్తాదిలే అని ఊరుకున్నా. మొదట ఆ పేరు ముందర ‘జంటగని’ అని పెట్టకుండా వదిలేసింది గూడా నేనే. ఖాసింబీ, నీ ముందర నిలబడే మొహం నాకూ లేదు.”

ఖాసింబీ మెల్లగా నా ముందుకు వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. రవికెలోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

“ఓబులేసు సంగతి వేరే. చెయ్యి తప్పింది, అందరికీ తప్పుతాది,” అంది. “మొన్న నీ గదికి వచ్చి నేలమీద కూచ్చోని అడిగినా గదా. నా తలకాయ నాది కాకుండా పోతాందని ఏడ్సినంత పని చేసినా. నాకేమీ కాలేదని నీకు తెల్సు. తెల్సి గూడా పేర్లు రాసిచ్చి పంపిచ్చినావు. అది చెయ్యి తప్పడం కాదు.”

నేను తల ఊపాను.

చెంచమ్మ నా పక్కనుంచి పోయి ఖాసింబీ కాళ్ల దగ్గర కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినలేదు. వినే హక్కు లేదనిపించి వచ్చేశాను.

41వ రోజు

నన్ను తీసెయ్యలేదు. బిల్డ్ చేసేవాళ్లు వేరే లేరు కాబట్టి. తీసేస్తారేమోనన్న భయంతోనే వారం రోజులు నోరు మూసుకున్నాను. ఇప్పుడు తీసెయ్యనందుకు సిగ్గుగా ఉంది.

ఓబులేసు పని ఇకనుంచి నాది. గుట్టవైపు చివరి వరుస. ఈరోజు మొదటిసారి తుడిచాను. పలకలు సూర్యుడు రాకముందే వేడిగా ఉన్నాయి. అతను పన్నెండేళ్లు తుడిచిన పలకలవి.

జంటగనిలో నీళ్లకు పోతే వరుసలో నా ముందువాళ్లు మాటలు ఆపేస్తున్నారు. చెంచమ్మ నన్ను ‘చౌడక్కా’ అనదు ఇప్పుడు. ఏమీ అనదు.

పిలుపు పని మళ్లీ తీసుకొమ్మని తిమ్మక్క ఖాసింబీ ఇంటికి పోయి అడిగింది. ఆలోచించి చెప్తానందట.

43వ రోజు

ఈరోజు బిల్డ్. మధ్యాహ్నం ఖాసింబీ చిప్పు తీసుకుని వచ్చింది. గూట్లో పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని, నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

“పెద్దమ్మా...” అన్నాను.

“నన్ను అట్ల పిలవొద్దు ఇప్పుడే,” అంది. “చిప్పు పెట్టు.”

పెట్టాను. ఆమె కళ్లజోడు తగిలించుకుంది. తెర మీద స్క్రిప్టు విప్పమంది. విప్పాను. మొత్తం రెండు వందల పన్నెండు వరుసలు.

“ఇది పైనించి కిందికి సదవల్ల. ఒక్క వరుస దాటకూడదు. ఏది ఏం చేస్తాదో చెప్పు.”

“గంటన్నర పడుతుంది.”

“పట్టనీ. నా మాట యాడ చేరతాదో నా కండ్లతో చూడాల. నువ్వు చెప్తే నమ్మేది అయిపోయింది.”

చదివాను. ప్రతి వరుసా. ఆమె వేలు తెర మీద నా గొంతు వెంట నడిచింది. అర్థం కానిచోట ఆపింది. రెండుసార్లు, మూడుసార్లు అడిగింది. తప్పించుకునే చోటు ఒక్కటి కూడా దొరకలేదు, నేను వెతకనూ లేదు. అటు మంచం మీద మద్దిలేటి సార్ లేచి కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వింటున్నారు. నా గొంతు ఎండిపోతే ఖాసింబీ చెంబు నావైపు జరిపింది. నా మొహం చూడలేదు.

రెండు వందల పన్నెండో వరుస అయిపోయింది. నేను మీట మీద వేలు పెట్టి ఆగాను.

ఆమె మళ్లీ మొదటి వరుసకు పోయింది. ఈసారి తనే, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పైనుంచి కిందికి అన్నీ చదువుకుంది. నేను వేలు అక్కడే పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. వేలు తిమ్మిరెక్కింది.

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఇప్పుడు నొక్కు,” అంది.